హాఁ అన్న పాపానికి

పొద్దున ఆరు దాటి పది నిమిషాలైంది. కావేరి మూకుడులో పూరీ వేసిందో లేదో ఫోను మోగింది. చివరి మూడంకెలు చూడగానే ఎవరో తెలిసిపోయింది. తీయకపోతే మళ్ళీ మోగుతుంది. అప్పుడూ తీయకపోతే మనిషే వస్తాడు. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఎత్తి, ఎప్పుడూ అనే మాటే అంది. “హాఁ జీ, బోలియే.”

అండమాన్‌లో ఫోను అలాగే ఎత్తుతారు. తెలుగువాళ్ళు, తమిళులు, బెంగాలీలు, రాంచీవాళ్ళు, ఎవరింట్లో ఏ భాష ఉన్నా ఫోనులో ముందు ‘హాఁ’ పడుతుంది. అది ఒప్పుకోవడం కాదు. ఉన్నాను, చెప్పండి అనడం.

అవతలి గొంతు హిందీలో మర్యాదగానే మాట్లాడింది. ఇవాళ బుధవారం. శనివారం వరకే గడువు. ఈలోగా ఆఫీసుకొచ్చి కొత్త కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే శనివారం పొద్దున మనుషులొచ్చి టిఫిన్ బండి పట్టుకుపోతారు. అర్థమైందా అని అడిగింది ఆ గొంతు. కావేరి “హాఁ” అంది.

పూరీ నల్లబడింది.

“ఏటి కావేరీ, పూరీ అడిగితే బొగ్గు పెడతన్నావు,” అన్నాడు సూరయ్య. అతను జంగ్లీఘాట్ చేపల రేవులో డుంగీ నడుపుతాడు. చిన్న చేపల పడవని ఇక్కడ డుంగీ అంటారు. తెల్లవారుజామున వేట నుంచి తిరిగొచ్చే డుంగీల వాళ్ళందరికీ మొదటి ముద్ద కావేరి బండి దగ్గరే. ఆమె నవ్వి ఇంకో పూరీ వేసింది.

కావేరికి ముప్పై ఏడేళ్ళు. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. తండ్రి యర్రయ్య చాతం రంపపు మిల్లులో దుంగలు లాగి లాగి రిటైరయ్యాడు. ఆమె డైరీ ఫార్మ్ అనే పేటలో పుట్టింది, ఎనిమిది వరకు హిందీ మీడియంలో చదివింది, పెళ్ళయ్యాక జంగ్లీఘాట్‌కి వచ్చింది. ఇంట్లో తెలుగు, బయట హిందీ. లెక్క హిందీలో, తిట్టు రెండింట్లోనూ. తెలుగులో రాయగలిగింది మాత్రం మూడే అక్షరాలు, తన పేరు. చిన్నప్పుడు తల్లి పలక మీద దిద్దించింది, కన్నబాస ఎప్పుడో అక్కరకొస్తాదని. అది ఎవరి అక్కరకు వస్తుందో పాపం ఆవిడకేం తెలుసు.

భర్త దాలయ్య మరబోటులో పనిచేస్తాడు. వేటకు వెళితే వారం, ఒక్కోసారి పది రోజులు. వేట బాగుంటే వాటా, లేకపోతే తిండి ఖర్చు మిగిలినట్టు. అందుకే ఇల్లు నడిచేది బండి మీద. ఏడేళ్ళు ఇళ్ళల్లో పాచిపని చేసి, హాస్టల్లో వంట చేసి, కూడబెట్టిన డబ్బుతో ఆమె పాత మూడు చక్రాల బండి కొంది. వెనక పొయ్యి, రేకు పెట్టె బిగించి, పక్కన హిందీలో ‘కావేరీ టిఫిన్’ అని రాయించింది. ఇద్దరు పిల్లల బడి, ఇంటద్దె, గ్యాసు, అన్నీ అందులోంచే. ఎవరికీ పైసా బాకీ లేకుండా ఆమె పేరున ఉన్న వస్తువు ఈ భూమ్మీద అదొక్కటే.

మరి బండి మీదకు అప్పుల వాళ్ళు ఎందుకొచ్చారు? ఒక తలూపు వల్ల వచ్చారు.

రెండేళ్ళ క్రితం ఆమె తమ్ముడు తిరుమలేష్ తన డుంగీకి ఇంజిన్ కొనుక్కోవాలనుకున్నాడు. జంగ్లీఘాట్‌లో మేడ మీద ఓ ఫైనాన్స్ కంపెనీ ఉంది. దాని ఏజెంటు ఇంటికొచ్చాడు. అప్పు ఇచ్చేటప్పుడు వాళ్ళు చెప్పులు గుమ్మం బయట విప్పి, ఇచ్చిన టీ తాగి, పిల్లల పేర్లు అడుగుతారు. వసూలుకు వచ్చేటప్పుడు చెప్పులతోనే లోపలికి వస్తారు. ఆ రోజు చెప్పులు విప్పిన రోజు. తిరుమలేష్ సంతకాలన్నీ అయ్యాక ఏజెంటు కాగితాలు కావేరి వైపు తిప్పాడు.

“దీదీ, ఆప్ బస్ హామీ భర్ దీజియే.”

హిందీలో హామీ భరనా అంటే సరేననడం, ఒప్పుకుంటున్నానని తలూపడం. కావేరి చిన్నప్పటి నుంచీ విన్న మాటే. పిక్నిక్‌కి వస్తావా అంటే హామీ భరీ, మధ్యాహ్నం డ్యూటీ చేస్తావా అంటే హామీ భరీ. వీడు నీ తమ్ముడేనా, మంచివాడేనా అని కంపెనీ తనని అడుగుతోందని ఆమె అనుకుంది. తలూపింది. ఏజెంటు వేలు పెట్టిన చోట మూడక్షరాలు రాసింది. ఫారంలో ‘మాతృభాష’ అని ఓ గడి ఉంటే అతను అందులో తెలుగు అని రాసుకున్నాడు. వారం తర్వాత కాగితాల నకలు ఇంటికొచ్చింది, పదకొండు పేజీలు, శుద్ధమైన తెలుగులో. కావేరి వాటిని రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులో దాచింది. చదవలేదు. చదవలేదు కాదు, చదవలేకపోయింది.

అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో షరతులు ఇవ్వాలని నియమం ఉంది. కంపెనీ ఫారంలో ఉండేది మాత్రం మాతృభాష గడి. ఈ రెండూ ఒకటే అనుకుంటే విజయనగరంలో చెల్లుతుందేమో. ఇక్కడ చెల్లదు. ఇక్కడ తాత మాట్లాడిన భాష ఒకటి, బడిలో దిద్దిన లిపి ఇంకొకటి. కంపెనీ వాళ్ళకు ఇది తెలియదని నమ్మడం కష్టం. వాళ్ళ ఏజెంట్లు ఇదే బజార్లో కూరగాయలు కొంటారు.

తిరుమలేష్ పద్నాలుగు నెలలు సరిగ్గానే కట్టాడు. తర్వాత ఇంజిన్ గేరు విరిగింది. బాగుచేయించడానికి డబ్బు కావాలి, డబ్బుకు వేట కావాలి, వేటకు ఇంజిన్ కావాలి. ఇంజిన్‌ను రేవు వెనక రేకుల కొట్టంలో టార్పాలిన్ కప్పి వదిలి, మధ్య అండమాన్‌లోని రంగత్‌లో కాంట్రాక్టరు దగ్గర పనికి పోయాడు. ఫోను తీయడం మానేశాడు. అప్పటి నుంచి కావేరి ఫోను మోగడం మొదలైంది.

మొదట రోజుకొకటి, తర్వాత నాలుగు. పిల్లలు చదువుకుంటుంటే ఒకటి, పడుకున్నాక ఒకటి. ఒకసారి ఇద్దరు బండి దగ్గరికే వచ్చి నిలబడి, ఇడ్లీ తింటున్న వాళ్ళకు వినిపించేలా, ఈవిడ కంపెనీ డబ్బు ఎగ్గొట్టింది, ఇక్కడ తిన్నది అరగదు అన్నారు. ఆ రోజు పిండి సగం మిగిలిపోయింది. దాలయ్యకు ఈ సంగతేదీ తెలియదు. తమ్ముడి కోసం చేసిన పని కాబట్టి మొదట చెప్పలేదు, మొదట చెప్పలేదు కాబట్టి తర్వాతా చెప్పలేకపోయింది.

గురువారం పదకొండింటికి బండి కట్టేసి ఆఫీసు మెట్లెక్కింది. మేనేజరు కుర్చీ చూపించాడు. కూల్‌డ్రింక్ తెప్పించాడు. తిట్లకు ఆమె సిద్ధమై వచ్చింది, మర్యాదకు కాదు. ఆయన ఫైలు తెరిచి తెలుగు కాగితం ముందు పెట్టి, మీ భాషలోనే ఇచ్చాం కదా దీదీ, చదువుకున్నారు కదా అన్నాడు.

అక్కడ లేదు అనాలి. కానీ ముప్పై ఏడేళ్ళ తెలుగు మనిషి, తెలుగు రాదని ఎలా అంటుంది? పక్క బల్ల దగ్గర ఇద్దరు వింటున్నారు. “హాఁ,” అంది కావేరి.

మేనేజరు తలాడించి కొత్త కాగితం తీశాడు. పాత దాని మీద ఊరి పేరు పోర్ట్ బ్లెయిర్ అని ఉంది. కొత్త దాని మీద సర్కారు ఈమధ్య మార్చిన పేరు, శ్రీ విజయపురం. ఇది ఇంగ్లీషులో ఉంది. ఆయన హిందీలో చెప్పాడు. తమ్ముడి బాకీ, వడ్డీ, జరిమానా అన్నీ కలిపి మీ పేరు మీదకు మారుస్తాం. బండి మాకు తనఖాగా ఉంటుంది. నెలనెలా కొద్దికొద్దిగా కట్టుకోవచ్చు. ఇవాళ్టి నుంచి ఒక్క ఫోను కూడా రాదు.

ఆ చివరి మాటకు ఆమె ప్రాణం లేచొచ్చింది. ఒక్క ఫోను కూడా రాదు. ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తానని అడిగితే ఆఫీసు కాగితం బయటకు ఇవ్వకూడదన్నాడు. సంతకం పాత దానితో సరిపోవాలి, తెలుగులోనే పెట్టండి అన్నాడు. ఆమె పెన్ను తీసుకుంది. ‘కా’ రాసింది.

పెన్ను అక్కడ ఆగింది. భయం అనుకోవచ్చు, తెలివి అనుకోవచ్చు. ఆమె మాత్రం తర్వాత వేరేలా చెప్పింది. తెలుగులో పెట్టమని అంత పట్టుగా ఎందుకు అడుగుతున్నాడా అనిపించిందట. తెలుగు రాని మనుషులకు తన తెలుగుతో ఏం పని? ‘కా’ తర్వాత ‘వే’కి ఏత్వం ఎటు తిప్పాలో కూడా ఆ క్షణాన మరిచిపోయింది. “గ్యాసు కట్టేయకుండా వచ్చేశాను,” అని లేచింది. మేనేజరు వెనక నుంచి శనివారం అని గుర్తుచేశాడు. బల్ల మీద ఆ ‘కా’ అలాగే ఉండిపోయింది.

ఇంటికి పోయి ప్లాస్టిక్ కవరు తీసింది. పదకొండు పేజీలూ బల్ల మీద పరిచి చూసింది. తన ఇంట్లో మాట్లాడే మాటలే, చీమల బారుల్లా ఉన్నాయి, ఒక్కటీ పలకలేదు. కూతురు తొమ్మిదో క్లాసు, దానికీ హిందీ, ఇంగ్లీషే. తెలుగు చదివేవాళ్ళు ఎవరున్నారని ఆలోచిస్తే సింహాచలమ్మ గుర్తొచ్చింది.

సింహాచలమ్మ చాతానికి అవతలి ఒడ్డున, బాంబూఫ్లాట్‌లో ఉంటుంది. డెబ్బై దాటాయి. ఒకప్పుడు మిల్లులో పనిచేసే తెలుగువాళ్ళందరికీ ఉత్తరాలు ఆవిడే రాసిపెట్టేది. ఓడ బయల్దేరే ముందురోజు ఇంటి ముందు వరస ఉండేది. ఉత్తరానికి ఒక చేప. యర్రయ్య ఉత్తరాలూ ఆవిడే రాసింది. సెల్‌ఫోన్లు వచ్చాక ఆవిడ పని పోయింది, చదువు మిగిలింది.

మధ్యాహ్నం కావేరి చాతం వెళ్ళి ఫెర్రీ ఎక్కింది. పావుగంట ప్రయాణమే. అందులో మూడుసార్లు ఫోను మోగింది. నాలుగోసారి స్విచ్చాపు చేసి, మళ్ళీ పిల్లల బడి నుంచి ఫోనొస్తే ఎలా అని ఆన్ చేసింది.

సింహాచలమ్మ వరండాలో కూర్చుని ఎండుచేపలకు కాపలా కాస్తోంది. కాగితాలు చూడగానే ఆవిడ మొహం వెలిగింది. ఎవరైనా తనకు చదవమని కాగితం ఇచ్చి ఎన్నేళ్ళయిందో. కళ్ళజోడు తుడుచుకుని మొదటి పేజీ నుంచి గట్టిగా, ఉత్తరం చదివినట్టే, ఆగి ఆగి చదివింది. రెండో పేజీలో తిరుమలేష్ పేరు. మూడో పేజీలో కావేరి పేరు. దాని కింద హామీదారు.

“అదే మామ్మా, నేను హామీ భరీ అంతే,” అంది కావేరి. “మా తమ్ముడే అని ‘హాఁ’ అన్నాను.”

సింహాచలమ్మ కళ్ళజోడు మీద నుంచి చూసింది. “ఒలే, ఇది నీ హిందీ హామీ కాదే. తెలుగులో హామీ అంటే పూచీ. ఆడు కట్టకపోతే నువ్వు కడతానని రాసిచ్చేవు.”

పూచీ. ఆ మాట కావేరికి తెలుసు. తండ్రి పోయే ముందు కూడా ఎవలికీ పూచీ పడొద్దు అనేవాడు. ఏజెంటు ఆ రోజు పూచీ అని ఉంటే, ఆమె పెన్ను పట్టుకునే ముందు కనీసం ఒక రాత్రి ఆలోచించేది, మొగుణ్ణి అడిగేది. తమ్ముడు కాబట్టి చివరికి పెట్టేదేమో కూడా. కానీ తెలిసి పెట్టేది. ఆమె వరండా గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. అంటే వాళ్ళు చెప్పేదంతా నిజమే. బండి పోయినట్టే.

“అయిపోలేదు, ఇను,” అని సింహాచలమ్మ పేజీ తిప్పింది.

నాలుగో పేజీలో తనఖా వస్తువు అని ఉంది. దాని కింద పడవ ఇంజిన్, దాని నంబరు. అంతే. బండి మాట ఆ పేజీలో లేదు. సింహాచలమ్మ చివరి వరకూ వేలు పెట్టి వెతికింది, ఎక్కడా లేదు. ఎనిమిదో పేజీలో వసూలు గురించి ఉంది. పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోను చేయకూడదు, మనుషులు రాకూడదు. వచ్చినవాడు కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపించాలి. బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. పదో పేజీలో ఫిర్యాదు ఎవరికి పంపాలో పేరు, చిరునామా. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చని కూడా ఉంది.

రెండేళ్ళుగా ఆమె హక్కులన్నీ రేషన్ కార్డు పక్కనే, తన ఇంట్లోనే ఉన్నాయి. తన భాషలోనే ఉన్నాయి. తాళం చెవి మాత్రం బాంబూఫ్లాట్‌లో ఉంది.

శనివారంలోగా కొత్త కాగితం మీద సంతకం పెట్టమంటున్నారని కావేరి చెప్పింది. “మరి అది ఎందుకు పెట్టమంటన్నారో తెలిసిందేటి?” అంది సింహాచలమ్మ. “పాత దాన్లో బండి లేదు. నీ సేత్తోనే ఎక్కించుకుందామని. పెట్టేవా?”

‘కా’ రాసి ఆగిపోయానని కావేరి చెప్పింది. ఆవిడ ముందు తిట్టింది, కా ఏటే, కాకి అరుపా అని. తర్వాత ఏదో తోచి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఎండుచేపల పక్కన ఇసకలో వేలితో ‘కా’ రాసి, దాని పక్కన ఇంకో అక్షరం రాసింది. “ఇది ‘దు’. నేర్సుకో.”

ఫిర్యాదు రాయాలంటే ఏ భాషలో రాయాలన్నది తర్వాతి సమస్య. సింహాచలమ్మ తెలుగులో రాస్తానంది. కావేరి వద్దంది. ఎవరు రాసినా తను మళ్ళీ చదువుకోగలగాలి. హిందీలో తనే రాస్తుంది. సింహాచలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని.

“మామ్మా, ఇది కంపెనీకి.”

“కంపెనీ అయితే చేమంగా ఉండకూడదేటి?”

ఆ వాక్యం తీసేయించడానికి కాస్త సమయం పట్టింది. మిగిలింది ఒక పేజీ. నేను బాకీ ఎగ్గొట్టను. హామీ అంటే పూచీ అని నాకెవరూ చెప్పలేదు. నేను చదవగలిగింది హిందీ, నాకిచ్చింది తెలుగు. కాగితాలు హిందీలో ఇవ్వండి. ఎంత కట్టారు, ఎంత ఉంది, జరిమానా ఎంత, లెక్క ఇవ్వండి. తనఖా పెట్టిన ఇంజిన్ రేవు వెనక కొట్టంలో ఉంది, వచ్చి చూసుకోండి. బండి తనఖాలో లేదు. ఎనిమిదికి ముందు ఫోను చేయకండి. కింద హిందీలో సంతకం.

ఒక సంగతి దాచకూడదు. ఆ ఉత్తరంతో ఆమె పూచీ తప్పిపోలేదు. పూచీ పడ్డవాడు అప్పు తీసుకున్నవాడితో సమానంగా బాధ్యుడని చట్టం. చెప్పకుండా పెట్టించారన్నది ఆమె నిరూపించుకోవాలి, అందుకు ఎంతకాలం పడుతుందో తెలియదు. కానీ బాకీ ఉంది కాబట్టి ఎవరైనా వచ్చి ఏ వస్తువైనా ఎత్తుకుపోవచ్చన్నది చట్టంలో ఎక్కడా లేదు. అది భయంలో మాత్రమే ఉంది. వసూలు వ్యాపారం సగం ఆ భయం మీదే నడుస్తుంది.

ఫెర్రీలో తిరిగొస్తూ ఆమె తమ్ముడి కాంట్రాక్టరుకు ఫోను చేసి, తిరుమలేష్‌ను పిలిపించింది. అతను ఏడుపు గొంతుతో వస్తానక్కా, కడతానక్కా, హాఁ అక్కా హాఁ అన్నాడు.

“హాఁ అనకు,” అంది కావేరి. “ఏ రోజు బస్సెక్కుతావో చెప్పు.”

సోమవారం అన్నాడు. ఈ నెల కూలి చేతికొస్తుంది, రెండు కిస్తీలకు సరిపోతుందన్నాడు. నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు.

శుక్రవారం ఫిర్యాదు ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఇంకోటి ఆఫీసులో ఇచ్చింది. రెండు కాపీలు పట్టుకెళ్ళింది. రిసీవింగ్ ముద్ర లేని కాగితం నీళ్ళలో వేసిన కాగితమే అని మిల్లు ఉద్యోగి యర్రయ్య పిల్లలకు నేర్పిన చదువు. ఈ దీవుల్లో సగం మంది ఏదో ఒక సర్కారీ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళే, ఆ చదువు అందరికీ ఉంది. కౌంటరు దగ్గర పిల్లకూ ఉన్నట్టుంది. చదవకుండానే అలవాటుగా ముద్ర గుద్ది తేదీ వేసి ఇచ్చింది. మేనేజరు భోజనానికి వెళ్ళాడు.

సాయంత్రం దాలయ్య బోటు వచ్చింది. ఈ దీవుల్లో పొద్దు ముందే వాలుతుంది, ఐదింటికే చీకటి పడింది. అతను స్నానం చేసి కూర్చున్నాక కావేరి మొత్తం చెప్పింది, ‘హాఁ’ నుంచి ‘కా’ వరకు. పళ్ళెంలో అన్నం ఆరిపోయింది.

“నేను నడి సముద్రంలో ఉంటే, నువ్వు ఒడ్డున మునిగేవన్నమాట,” అన్నాడు చివరికి.

ఆ మాట ఆమె ఎదురుచూసిన తిట్ల కంటే గట్టిగా తగిలింది. తర్వాత అతను లేచి, రాత్రే బండి తీసుకుపోయి డైరీ ఫార్మ్‌లో ఎవరింటి వెనకైనా దాచేద్దామన్నాడు. నెల రోజులు గొడవ సద్దుమణిగాక తీయొచ్చన్నాడు. కావేరి ఒప్పుకోలేదు.

“దాస్తే తప్పు చేసినట్టే మావా. నెల రోజులు ఏం తింటాం? రేపూ అక్కడే పెడతాను.”

“ఎత్తుకుపోతే?”

రాత్రంతా ఆ ప్రశ్నే పక్కన పడుకుంది. ముద్ర ఉన్న కాగితాన్ని రెండుసార్లు లేచి చూసుకుంది. ఇద్దరు మనుషులు బండిని తోసుకుపోతుంటే కాగితం ఏం చేస్తుంది?

శనివారం పొద్దున ఆరున్నరకు వాళ్ళు వచ్చారు. ఇద్దరు, ఒక మోటారు సైకిలు. రేవు నిండా జనం. సూరయ్య, ఇంకో నలుగురు డుంగీల వాళ్ళు తింటున్నారు. దాలయ్య గ్లాసు పట్టుకుని బండి పక్కనే నిలబడ్డాడు. పోట్లాట పెట్టుకోవద్దని కావేరి అతనితో ఒట్టు వేయించుకుంది.

వాళ్ళలో పెద్దవాడు నవ్వుతూ కాగితం తీశాడు. అదే ఇంగ్లీషు కాగితం. సంతకం చోట ఆమె ‘కా’ ఉంది. సగం పెట్టారు కదా దీదీ, మిగతా సగం పెట్టేస్తే మేం వెళ్ళిపోతాం అన్నాడు. పెన్ను అందించాడు.

కావేరి పొయ్యి తగ్గించింది. చెయ్యి తుడుచుకుని కాగితాన్ని రేకు మీద పెట్టి, ‘కా’ పక్కన జాగ్రత్తగా ఒక అక్షరం దిద్దింది. కొమ్ము కాస్త వంకరపోయింది. ఫోనుతో ఫోటో తీసుకుని కాగితం తిరిగిచ్చింది.

“హో గయా. ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్ళతో చదివించుకోండి,” అంది హిందీలో.

అతను కాగితం మడవబోతూ ఆగాడు. సంతకం చిన్నదైనట్టు అనిపించింది కాబోలు. పళ్ళెం చేతిలో ఉండగానే సూరయ్య మెడ సాచి చూశాడు. అతనికి తెలుగు చదవడం వచ్చని కావేరికీ అప్పుడే తెలిసింది.

“కాదు అని రాసింది భయ్యా. నహీ అని,” అన్నాడు నములుతూ.

బల్ల దగ్గర ఎవరో పొలమారేలా నవ్వారు. పెద్దవాడి మొహం మారింది. రెండోవాడు వచ్చి బండి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. దాలయ్య గ్లాసు కింద పెట్టాడు. కావేరి అతని వైపు చూడలేదు. ముద్ర ఉన్న కాగితం, నాలుగో పేజీ, రెండూ రేకు మీద పరిచింది. అడగవలసినవి అడిగింది. మీ అధికార పత్రం ఏది? ఈ బండి తనఖాలో ఉందని ఏ పేజీలో ఉంది, చూపించండి. చూపిస్తే నేనే తాళం ఇస్తాను. ఇప్పుడు టైమెంత?

రెండోవాడు హ్యాండిల్ వదల్లేదు. ఒక నిమిషం అలాగే గడిచింది. అంత పొడవైన నిమిషం ఆమె ఎప్పుడూ చూడలేదు. డుంగీల వాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. చివరికి పెద్దవాడు సైగ చేశాడు. కోర్టుకు వెళతాం, అప్పుడు బండే కాదు ఇల్లూ పోతుంది అన్నాడు. వెళ్ళండి, అక్కడ నాకూ హిందీలో చెప్పేవాళ్ళుంటారు అంది కావేరి. మోటారు సైకిలు రేవు దాటాక ఆమె మళ్ళీ పొయ్యి పెంచింది.

సూరయ్య పూరీ అడిగాడు. ఈసారి మాడలేదు. దాలయ్య గ్లాసు తీసుకుని, చల్లారిన టీ పారబోసి, తనే ఇంకోటి పోసుకున్నాడు. సోమవారం నీ తమ్ముడు రాకపోతే రంగత్ నేనే పోతాను అన్నాడు.

పిండి అయిపోవచ్చేసరికి ఫోను మోగింది. అవే చివరి మూడంకెలు. భయం అంత త్వరగా పోయే సంగతి కాదు. కావేరి ముందు టైము చూసింది. ఎనిమిది దాటి నాలుగు నిమిషాలు.

చెయ్యి తుడుచుకుని ఎత్తింది. నాలుక చివర అలవాటుగా ఉన్న మాటను మింగింది.

“బోలియే,” అంది.